మేష్టారి ఊపిరితిత్తుల్లో అద్దెకున్నవాళ్ళు

మా మేష్టారు పోయారన్న కబురు నాకు ల్యాబులో ఉండగా వచ్చింది. పొద్దున్న పదకొండు గంటలవేళ. ఎదురుగా రక్తం ఇవ్వడానికి ఒక పెద్దాయన చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. ఫోన్ చేసింది అమ్మగారు, అంటే మేష్టారి భార్య. "మీ మేష్టారు వెళ్ళిపోయేరమ్మా" అని ఒక్క మాట అని ఫోన్ పెట్టేశారు. ఆయన మూడు వారాలుగా కాకినాడ ఆస్పత్రిలో ఉన్నారు, ఆ కబురు ఎప్పుడైనా రావచ్చని నాకు తెలుసు. అయినా ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "చెప్తే విన్నారా? ఎప్పుడైనా విన్నారా?" అని పైకే అనేశాను. ఆ పెద్దాయన తననే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. కాని ఆయన నన్ను ఎంత విసిగించారో దాచిపెట్టి రాస్తే అది మా మేష్టారి గురించి రాసినట్టు కాదు. పైగా ఆయనే ఒప్పుకోరు. "చూసింది చూసినట్టు రాయమ్మా, నీకు నచ్చినట్టు కాదు" అని రికార్డు పుస్తకం మొహాన కొట్టినట్టు తిప్పి ఇచ్చిన మనిషి ఆయన. నేను గీసిన కప్ప బొమ్మ మరీ అందంగా ఉందని మళ్ళీ గీయించారు.

హైస్కూల్లో నాకు జీవశాస్త్రం చెప్పారు. మా కోనసీమలో గన్నవరం అక్విడెక్టు, అంటే గోదావరి పాయ మీదుగా కాలవని దాటించే వంతెన, దానికి అవతల వాళ్ళ ఊరు. క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే, తెలియకపోతే, "నాకు తెలీదు, కనుక్కుని చెప్తాను" అనేవారు. మేష్టార్లు అలా అనడం మేమెక్కడా వినలేదు. సరే, అక్కడితో ఆగుతారా? ఆగరు. తొమ్మిదో తరగతిలో నేను కొబ్బరిబొండంలో నీళ్ళు ఎలా చేరతాయని అడిగాను. రెండు రోజుల తరవాత సైకిలేసుకుని మా ఇంటికొచ్చి, అన్నం తింటున్న మా నాన్న పక్కన పీట వేయించుకుని కూర్చుని, అరగంట చెప్పారు. మా నాన్న చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. ఆయన వెళ్ళాక, "ఇంకెప్పుడూ ఆయన్ని ఏమీ అడక్కే తల్లీ" అన్నాడు.

నేను అడగడం మానలేదు. ల్యాబ్ కోర్సు చదివి అమలాపురంలో చిన్న ల్యాబు పెట్టుకున్నానంటే ఆయన చలవే. ఆ మాట నేను ఆయన బతికుండగా చెప్పలేదు. చెప్పే సందు ఆయన ఇవ్వలేదు.

రిటైరయ్యాక ఒకరోజు ల్యాబుకి పేషెంటుగా వచ్చారు. చిన్నప్పుడు న్యుమోనియా చేసి ఆయన ఊపిరి గొట్టాలు కొన్ని సాగిపోయి సంచుల్లా తయారయ్యాయట. అక్కడ కఫం నిలవుండిపోతుంది. నిలవున్నచోట సూక్ష్మజీవులు చేరతాయి. ఏళ్ళ తరబడి దగ్గు, మధ్యమధ్య జ్వరం. నేను ఆయన కఫం కల్చర్ వేస్తే, అంటే సూక్ష్మజీవులు పెరిగేలా ప్లేటు మీద పూస్తే, మర్నాటికి ఆకుపచ్చగా పెరిగింది. సూడోమోనాస్ అంటారు దాన్ని. తడి ఉన్నచోటల్లా బతుకుతుంది, ఒకసారి అలాంటి ఊపిరితిత్తుల్లో చేరితే కదలమన్నా కదలదు. రిపోర్టు చేతిలో పెట్టి జాగ్రత్తగా, నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఆయన ఆ ప్లేటు చూపించమన్నారు. చూసి, "బాగుందమ్మా రంగు" అన్నారు.

అక్కడ మొదలైంది నా అవస్థ.

ఇంటికి వెళ్ళి ఫోన్లో దాని గురించి చదవడం మొదలుపెట్టారు. చదివింది చదివినట్టు జెరాక్సు షాపులో ప్రింటు తీయించేవారు. ఆ కాగితాలు చంకలో పెట్టుకుని బస్సెక్కి వచ్చి, నా ల్యాబులో క్యూలో ఉన్నవాళ్ళ మధ్య కూర్చునేవారు. అలా ఒకరోజు వచ్చి, "అమ్మాయ్, నీకో సంగతి తెలుసా? నా ఊపిరితిత్తుల్లో వీడు అద్దెకున్నాడని కదా నువ్వు చెప్పేవు. వీడి ఒంట్లో ఇంకొకడు అద్దెకున్నాడు" అన్నారు.

"ఎవరండీ?" అన్నాను, షుగర్ టెస్టుకొచ్చిన ఒకావిడ వేలు పట్టుకుని.

"వైరస్సు."

ఆవిడ వేలు లాక్కుంది. వైరస్సు అన్న మాట వింటే జనం ఇంకా ఉలిక్కిపడే రోజులవి. మనుషులకి అంటేది కాదండీ, సూక్ష్మజీవులకి మాత్రమే అంటుతుంది అని ఆవిడకి సర్దిచెప్పి కూర్చోబెట్టడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఈలోగా ఆయన పక్కనున్న ఇద్దరికి పాఠం మొదలుపెట్టేశారు.

పాఠం మాత్రం బాగా చెప్పారని ఒప్పుకోవాలి. సూక్ష్మజీవిని పట్టే వైరస్సులు మామూలుగా లోపలికి దూరి, తమలాంటివాటిని బోలెడు తయారుచేసుకుని, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. కొన్ని అలా చెయ్యవు. లోపలికెళ్ళి, ఆ సూక్ష్మజీవి తాలూకు జన్యువుల్లోనే ఒక ముక్కలా కలిసిపోయి ఊరుకుంటాయి. అది రెండైతే ఇవీ రెండవుతాయి. "మొక్కొచ్చిన కొబ్బరికాయలో పువ్వుంటుంది చూసేవా? పైకి కాయే. కొడితేగాని తెలీదు" అన్నారు. మళ్ళీ కొన్ని రకాలు, ఇంటివాణ్ణి చంపకుండానే సన్నటి దారాల్లాంటి పిల్లల్ని బయటికి వదులుతాయట. ఆ దారాలు కఫంలో కలిసి దాన్ని ఇంకా జిగురు చేస్తాయి. మందు అందులో చిక్కుకుపోయి సూక్ష్మజీవి దాకా పోదు. "కఫంలో పీచు కలుపుతున్నాడమ్మా వీడు" అని నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆ ఇద్దరూ లేవకుండా కూర్చున్నారు, మిగతా పాఠం కోసం.

డాక్టరు గారికి కూడా ఈ కాగితాలు తప్పలేదు. అమలాపురంలో ఛాతీ డాక్టరు, మంచాయన. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. "మేష్టారండీ, బయట నలభై మంది ఉన్నారండీ. లోపలివాడి సంగతి దేవుడెరుగు, బయటివాణ్ణి చంపడానికి నేను రాసిన మందు పూర్తిగా వాడేరా అండీ?" అని అడిగారు.

"ఆయ్" అన్నారు మేష్టారు, ఎంతో వినయంగా.

వాడలేదు. రెండు వారాల మందు ఎనిమిదో రోజున ఆపేశారు, ఒంట్లో బాగుందని. మందు సగంలో ఆపకూడదని మాకు పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చిన మనిషి.

ఆయన మీద నాకు నిజంగా ఒళ్ళు మండింది మాత్రం నెబ్యులైజర్ విషయంలో. మందుని పొగలా చేసి పీల్చుకునే మిషను అది. దాని కప్పు రోజూ కడిగి, మరిగించి, ఆరబెట్టాలి. తడి మిగిలితే ఆ ఆకుపచ్చ పురుగు అక్కడే కాపరం పెడుతుంది. ఇది నేను కాగితం మీద రాసిచ్చాను. మూడు నెలల తరవాత వాళ్ళింటికెళ్తే, వసారాలో ఆయన కత్తి పట్టుకుని బొండం చెక్కుతున్నారు. తాగడానికి అనుకున్నాను. ఆ నీళ్ళు నెబ్యులైజర్ కప్పులో పోసి గిలకరించి పారబోశారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"కడుగుతున్నానమ్మా. కుళాయి నీళ్ళు నమ్మేదేటి? కాలవ నీళ్ళే కదా. బొండం లోపలి నీళ్ళకంటే శుభ్రమైనవి ఎక్కడున్నాయి? గాలి కూడా తగల్లేదు వాటికి" అన్నారు. చిన్నప్పుడు నేనడిగిన ప్రశ్నకి ఆయన చెప్పిన జవాబంతా మళ్ళీ మొదటినించీ చెప్పారు.

లోపల ఉన్నంతసేపు శుభ్రమే. కాదనను. కాని అందులో చక్కెర ఉందా లేదా? ఆ తీపి కప్పుకి, గొట్టానికి పట్టుకుని ఆరితే దానికంటే మంచి మేత ఆ పురుగుకి దొరుకుతుందా? మూడు నెలలుగా ఈయన దానికి రోజూ బొండం నీళ్ళు పట్టిస్తున్నారు. కోనసీమలో పుట్టి పెరిగి, జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి తప్ప ఇంకొకరు ఈ పని చెయ్యలేరు. చదువు లేనివాళ్ళయితే నేను రాసిచ్చినట్టు నీళ్ళు మరిగించి ఊరుకునేవారు.

కప్పు లోపల దూదిపుల్లతో తుడిచి తీసుకొచ్చి ప్లేటు మీద వేశాను. ఆకుపచ్చగా వచ్చింది. ఆయన్ని పిలిచి చూపించాను. సిగ్గుపడతారని, ఒక్కసారైనా "తప్పేనమ్మా" అంటారని ఎదురుచూశాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇందులోవాళ్ళకి కూడా లోపలివాడు ఉండుంటాడంటావా?" అన్నారు. ఆ రోజు నేను ఆయనకి టీ ఇప్పించలేదు.

ఇంటికెళ్ళాక అమ్మగారితో, "అమ్మాయి చెప్పిందే కరెక్టు" అన్నారట. నాతో అనలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది నా తప్పు. ఒకసారి ఆయన ప్లేటు రెండు రోజులు ఉంచితే ఆకుపచ్చ పెరుగుదల మధ్యలో అక్కడక్కడ చిన్న చిల్లుల్లాంటివి కనబడ్డాయి. ప్లేటు పాడైందనుకుని పారేసి మళ్ళీ వేశాను. మాటల్లో ఆయనకి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "పారేసేవా?" అన్నారు. లోపల పడుకున్నవాడు ఒక్కోసారి మారిపోయి, ఇంటివాణ్ణి పగలగొట్టుకుని బయటికొస్తాడట. వచ్చినచోట అలా చిల్లు పడుతుందట. "వాడు కంటికి కనబడే అవకాశం అదొక్కటే అమ్మాయ్. కనబడేడు. నువ్వు బకెట్లో పడేసేవు." రెండు వారాలు నాకు ఫోన్ చెయ్యలేదు. ప్రాణం హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు.

అప్పణ్ణించీ ఆయనకి ఒకటే పట్టు. ఆ వైరస్సు తనలో ఉందో లేదో తేలాలి. నా పట్టు వేరు. ఆయన మందులు సరిగ్గా వాడి నాలుగేళ్ళు ఎక్కువ బతకాలి. ఈ రెండూ కొట్టుకోవని అనుకున్నాను.

ఈ వర్షాకాలం మొదట్లో ఆయనకి మళ్ళీ తిరగబెట్టింది. డాక్టరు గారు పాత మందులు పనిచెయ్యవని కొత్త ఇంజెక్షన్లు రాసి, ఆస్పత్రిలో చేరమన్నారు. ఈయన చేరనన్నారు. ఊళ్ళో నర్సమ్మ ఉంది, ఇంటికొచ్చి రోజూ చేస్తుంది అన్నారు. మందులు కొనుక్కుని వెళ్ళారు. ఆ సాయంత్రమే ఫోన్. విశాఖపట్నంలో ఇలాంటి వైరస్సుల మీద పరిశోధన చేసే ఒకావిడకి ఈయన నెలల తరబడి ఉత్తరాలు రాస్తూ వచ్చారట. ఆవిడ ఒప్పుకుందట, కఫం పంపమందట.

"శాంపిల్ ఎలా తియ్యాలమ్మా?" అన్నారు.

ల్యాబుకొచ్చే ప్రతివాళ్ళకీ చెప్పే మాటే చెప్పాను. పొద్దున్న లేవగానే, నోరు పుక్కిలించి, మూతున్న సీసాలో. మందు మొదలుపెట్టకముందే తియ్యాలి, మొదలుపెట్టాక తీస్తే పనికిరాదు. "రేపు పొద్దున్న తీసి ఉంచండి, నేనొచ్చి పట్టుకెళ్తాను" అన్నాను.

"ఆయ్. రా అమ్మా" అన్నారు.

మర్నాడు వెళ్ళలేదు. జ్వరాల సీజను, ల్యాబు నిండా జనం. ఆ రోజు ఆయన ఐదుసార్లు ఫోన్ చేశారు. ఎత్తితే అరగంట పోతుందని ఎత్తలేదు. రెండో రోజు వాన. మూడో రోజు ఏ కారణమూ లేదు. నిజం రాయాలి కదా, చిరాకు. ఈయనకి లోపలివాడి మీద ఉన్న ధ్యాస తన ఒంటి మీద లేదని చిరాకు. ఒక రోజు ఆగితే ఏమవుతుంది, ఈపాటికి ఇంజెక్షన్లు ఎలాగూ మొదలుపెట్టే ఉంటారు, ఇంక శాంపిల్ దేనికి అనుకున్నాను. నాలుగో రోజు ఫోన్ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఐదో రోజు వెళ్ళాను. మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు. పక్కన బల్ల మీద ఇంజెక్షన్ల పెట్టె, సీలు కూడా విప్పలేదు.

"నర్సమ్మ రాలేదాండీ?" అని అమ్మగారిని అడిగాను.

"రోజూ వస్తోందమ్మా. ఈయనే పంపించేస్తున్నారు. నువ్వొచ్చేదాకా మొదలుపెట్టకూడదని చెప్పేవట కదా" అన్నారు ఆవిడ.

నేను ఆయన వైపు చూశాను. "మందు పడితే... శాంపిల్... పనికిరాదన్నావు కదమ్మా" అన్నారు.

నలభై ఏళ్ళు ఎవరి మాటా వినని మనిషి. డాక్టరు చెప్తే వినరు, అమ్మగారు చెప్తే వినరు, నేను రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి బొండం కొట్టుకున్నారు. ఈ ఒక్క మాట, ఈ ఒక్కటి, తు.చ. తప్పకుండా విన్నారు.

కారు పిలిపించి అటునించి అటే కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ వెంటనే మందులు పెట్టేశారు. ఇంక శాంపిల్ మాట ఎవరూ ఎత్తలేదు. మూడు వారాలున్నారు. ఒకసారి మాస్కు తీసి నాతో, "నాలుగు రోజులకేం కాదులే అమ్మాయ్, మొహం అలా పెట్టకు" అన్నారు. అక్కడి డాక్టరు గారు కూడా అదే అన్నారు. ఆ ఊపిరితిత్తులు అప్పటికే బాగా పాడయ్యాయనీ, మొదటిరోజే మొదలుపెట్టినా ఏమయ్యేదో చెప్పలేమనీ. చెప్పలేమంటే ఏమిటర్థం? బతికేవారేమో అని కూడా అర్థమే కదా. నాకు ఆ మాట ఊరట కాలేదు. ఇప్పటికీ కాలేదు.

దినకార్యాలు అయిన మూడో రోజున అమ్మగారు ఫోన్ చేశారు. "ఫ్రిజ్జు కడుగుతున్నానమ్మా. మీ మేష్టారు వెనకాల ఇవేవో దాచేరు. నాకు ముట్టుకోడానికి భయంగా ఉంది, ఒకసారొచ్చి చూస్తావా?"

వెళ్ళాను. చింతపండు డబ్బా వెనక, ప్లాస్టిక్ సంచిలో నాలుగు సీసాలు. మూతలకి టేపు చుట్టి, ఒక్కోదాని మీద కాగితం అంటించి ఉంది. ఆయన అక్షరాలు, బోర్డు మీద రాసినట్టే గుండ్రంగా. మొదటిదాని మీద తేదీ, పొద్దున్న ఆరుంబావు, "మందు మొదలుపెట్టలేదు. అమ్మాయి ఈ రోజు వస్తుంది." రెండోదాని మీద మర్నాటి తేదీ. అదే టైము, అదే మాట. మూడోదాని మీదా అంతే. నాలుగోదానికొచ్చేసరికి అక్షరాలు వంకర పోయాయి. "మందు మొదలుపెట్టలేదు. అమ్మాయికి పని ఉన్నట్టుంది. రేపు వస్తుంది."

నేను వంటింట్లో ఫ్రిజ్జు తలుపు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఏడుపంతా అప్పుడొచ్చింది. అమ్మగారు నా వీపు మీద చెయ్యి వేసి, "పారేసీమంటావా అమ్మా?" అని అడిగారు.

ఒక రోజు దాటిన కఫం ఎవరు తెచ్చినా నేను తీసుకోను. ఇవి నెల దాటినవి. అయినా విశాఖపట్నం ఆవిడకి ఫోన్ చేసి, ఎవరి మనిషినో చెప్పుకుని, సంగతంతా చెప్పాను. ఆవిడ సీసాల మీది తేదీలు అడిగి రాసుకున్నారు. తరవాత అన్నారు, "సూక్ష్మజీవులు ఈపాటికి చాలామటుకు చచ్చిపోయుంటాయండీ. కాని అవి వదిలిన వైరస్సులు చల్లటిచోట చాలా రోజులు ఉంటాయి. నాలుగూ పంపండి."

గన్నవరం సెంటర్లో చేపలమ్మే ఆవిణ్ణి అడిగి థర్మాకోల్ పెట్టె, ఐసు తెచ్చుకున్నాను. సీసాల్ని ఒక్కోదాన్నీ రెండేసి కవర్లలో కట్టి, ఐసులో పెట్టి, పెట్టె చుట్టూ టేపు వేశాను. అక్కణ్ణించి విశాఖపట్నం పార్సిలు వేద్దామని అమలాపురం బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ, పెట్టె కిందనించి కారుతున్న నీళ్ళు చూసి, "పులసా అండీ?" అని అడిగింది.

"కాదండీ."

"కింద పెట్టీండి, చీరంతా తడిసిపోతోంది" అంది.

ఆయ్ అన్నాను గాని కింద పెట్టలేదు.